గెడ్డకు పైకప్పు

సోమవారం, ఏప్రిల్ నెలాఖరు.

తెల్లవారుజామున ఐదింటికే మెలకువ వచ్చింది. ఫ్యాను తిరుగుతున్నా దిండు తడిసిపోయింది. విశాఖలో ఏప్రిల్ ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. సముద్రపు గాలి తిరిగే దాకా ఆకు కూడా కదలదు. కాఫీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. వెనకవైపు పిట్టగోడ దగ్గర నిలబడితే గెడ్డ కనిపిస్తుంది. పెళ్లయి ఈ వీధికి వచ్చింది 1986లో. అప్పటి నుంచి నా పొద్దు అక్కడే మొదలవుతోంది.

గుంటూరు నుంచి వచ్చే మా చుట్టాలు దాన్ని వాగు అంటారు. కొత్తగా అపార్ట్‌మెంట్లలో చేరినవారు డ్రెయిన్ అంటారు. వాగు అన్నా నాకు అభ్యంతరం లేదు గాని, డ్రెయిన్ అంటే మనసు చివుక్కుమంటుంది. డ్రెయిన్ మనం వదిలిన మురుగు పోవడానికి మనం కట్టుకున్నది. గెడ్డ అలా కాదు. కొండ మీద కురిసిన వాన కిందికి దిగడానికి తానే చేసుకున్న దారి. ఉత్తరాన సింహాచలం కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పల్లం. ఆ పల్లంలోని ఉప్పునీటి చిత్తడిని తవ్వి 1933లో ఓడరేవు ప్రారంభించారు. ఓడరేవు వచ్చింది, రైల్వే క్వార్టర్లు వచ్చాయి, కాలనీలు వచ్చాయి. కొండ నీళ్లు మాత్రం ఇప్పటికీ పాత దారినే దిగుతున్నాయి. మేఘాద్రిగెడ్డ, నరవ గెడ్డ, గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ అని ఊళ్లో ఇన్ని పేర్లు వినిపించడానికి కారణం అదే. మా వెనకాల ఉన్నది చిన్నది, దానికి పేరు కూడా లేదు. పేరు లేదు గనుక పట్టించుకునేవారూ తక్కువ.

నాలుగు రోజుల కిందట పూడిక తీశారు. వానలకు ముందు ఏటా జరిగే పనే. ఇద్దరు కార్మికులు మోకాలి లోతు బురదలో దిగి, పారలతో ఎత్తి గట్టున పోశారు. ఇంత ఎండలో, ఆ వాసనలో, మధ్యాహ్నం దాకా. మజ్జిగ ఇస్తే చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగి, కడుక్కుని, తర్వాతే గ్లాసు అందుకున్నారు. తడి పూడికను వెంటనే లారీకి ఎత్తితే దారి పొడవునా కారుతుంది, అందుకని ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి తీసుకెళ్తారు. అది సరైన పద్ధతే. కానీ రెండు రోజులు నాలుగు రోజులయ్యాయి. ఈలోగా ఒక్క జల్లు పడినా గట్టున ఉన్నదంతా మళ్లీ గెడ్డలోకే జారుతుంది, ఆ ఇద్దరి శ్రమా వృథా అవుతుంది.

కాఫీ తాగి కిందికి దిగి ఆ కుప్ప దగ్గర కాసేపు నిలబడ్డాను. పైన ఎండి పెచ్చులు కట్టింది, లోపల ఇంకా నల్లగా తడిగానే ఉంది. పగుళ్లలో కొబ్బరి చిప్పలు, షాంపూ పొట్లాలు, అద్దం పోయిన దేవుడి పటం చట్రం, పసిపిల్ల ఎడమకాలి చెప్పు. వీటి మధ్య చిన్న చిన్న నీలి ముక్కలు, లెక్కలేనన్ని. ఏమిటివి అనుకుంటూ వంగి చూస్తే పాల ప్యాకెట్ల మూలలు. కత్తెరతో కత్తిరించి సింకులో వదిలేసే ఆ గోరంత ముక్కలే. మా ఇంట్లో తాగేది కూడా ఆ నీలి ప్యాకెట్ పాలే. ముప్పై తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పిన మనిషిని, రోజుకు రెండు ప్యాకెట్లు, ఏడాదికి ఏడు వందల ముప్పై అని వెంటనే లెక్క కట్టుకున్నాను. ఇంటికి వచ్చి మూల పూర్తిగా తెగకుండా అంచున వేలాడేలా కత్తిరించడం అలవాటు చేసుకుందామని కోడలికి చెప్పాను. కోడలు సరే అత్తయ్యా అంది.

పదింటికి వార్డు సచివాలయానికి బయలుదేరాను. ఇంటిపన్ను ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ. మా అబ్బాయి ఫోనులో రెండు నిమిషాల్లో కట్టేస్తానంటాడు. నేనే ఒప్పుకోను. కౌంటరు దగ్గరికి వెళితే నలుగురు కనిపిస్తారు, ఏ వీధిలో ఏమి జరుగుతోందో తెలుస్తుంది. లైనులో నా ముందు నిలబడిన ఆయన పన్ను ఏటేటా పెరుగుతోందని బాధపడుతున్నారు. అద్దె విలువ మీద వేసే పన్నును 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీదికి మార్చారు. ఒక్కసారి పెంపు 15 శాతం దాటకూడదన్నారు గనుక ఆ పెరుగుదల మెట్లు మెట్లుగా మీద పడుతోంది. అదే ఏడాది చెత్తకు వేరే రుసుము పెట్టారు, 2024లో దాన్ని తీసేశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. పెన్షన్ మీద బతికేవారికి ప్రతి వందా లెక్కే.

నాకు పన్ను కట్టడం కష్టం కాదు. దానితో ఏమి చేస్తున్నారో అడగలేకపోవడం కష్టం. రసీదులో గ్రంథాలయ పన్ను అని వేరే వరుస ఉంటుంది, చాలామంది చూడరు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. ఆ ఎనిమిది పైసలు ఇచ్చేటప్పుడు మాత్రం నాకు ఒక్కసారి కూడా అయ్యో అనిపించలేదు. పుస్తకం కొనలేని పిల్లలు చదువుకునే గది ఒకటి ఊళ్లో నిలబడాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. గెడ్డకు కూడా అలాంటి వరుస ఒకటి రసీదులో ఉంటే బాగుండేది. మనం ఎంత ఇచ్చామో తెలిస్తే, ఎంత ఖర్చు పెట్టారని అడగడం తేలిక.

అర్జీ సంగతి. నిరుడు రెండుసార్లు ఇచ్చాను. రెండుసార్లూ, మీ సమస్య పరిష్కారమైంది అని ఫోనుకు సందేశం వచ్చింది. కిందికి దిగి చూస్తే గెడ్డ ఎలా ఉందో అలాగే ఉంది. ఆ సందేశం చదివినప్పుడు కలిగిన బాధ అర్జీ తిప్పి పంపితే కూడా కలిగేది కాదు. లేదని చెబితే వాదించవచ్చు. అయిపోయిందని చెబితే ఎవరితో వాదించాలి?

ఈసారి అందుకే కాగితం కాకుండా మనిషిని అడిగాను. వార్డులో రోడ్లు, కాలువల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీగా కొత్తగా వచ్చిన అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చదివిందట, పాతికేళ్లుంటాయేమో. "ఒక్కసారి వచ్చి మీ కళ్లతో చూడండమ్మా, పది నిమిషాలు చాలు" అన్నాను. "ఇప్పుడే వస్తాను టీచర్" అని బల్ల సొరుగులోంచి టేపు తీసుకుంది. నేను టీచర్నని ఎలా తెలిసిందంటే, "మా అమ్మ మీ దగ్గరే చదివింది" అంది. కార్పొరేషన్ హైస్కూల్లో పనిచేసినవారికి ఇదొక ఆస్తి. ఊళ్లో ఏ మూలకు వెళ్లినా ఎవరో ఒకరి అమ్మో నాన్నో మన దగ్గర కూడికలు నేర్చుకుని ఉంటారు.

మా వీధికి ఎగువన పాత మదుం ఉంది. కల్వర్టును ఇక్కడ పెద్దవాళ్లు మదుం అనే అంటారు. రాతి కట్టడం, ఎప్పటిదో. దిగువన, అపార్ట్‌మెంట్ దాటాక, రోడ్డు కింద కొత్తగా వేసిన సిమెంటు గొట్టాలు రెండు. ఇన్నేళ్లుగా నేను చెబుతున్నది ఈ రెండింటి సంగతే, కొలత మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు. ఇవాళ తీసుకున్నాం. ఆ అమ్మాయి చున్నీ నడుముకు బిగించుకుని గట్టు దిగింది. టేపు రెండో చివర నేను పట్టుకున్నాను. పాత మదుం వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. కింది గొట్టాల వ్యాసం రెండేసి అడుగులు. వాటిలో మూడో వంతు ఎత్తు దాకా పూడిక. అక్కడి దాకా పార వెళ్లదు, మనిషి దూరలేడు, కాబట్టి అది ఎప్పటికీ తీయరు.

లెక్క అక్కడే కట్టేశాను, కాగితం కూడా అక్కరలేకపోయింది. పైన ఇరవై నాలుగు చదరపు అడుగులు. కింద ఒక్కో గొట్టానికి మూడు పాయింట్ ఒకటి నాలుగు, రెండూ కలిపి ఆరుంబావు. పూడిక పోగా మిగిలే దారి నాలుగున్నర కూడా ఉండదు. అంటే పైనుంచి వచ్చే నీటికి కింద ఐదో వంతు దారి కూడా లేదు. ఆపైన గొట్టం గుండ్రటిది, ఒక కొబ్బరి బోండాం అడ్డం పడినా చాలు. ఇన్నేళ్లూ ఇక్కడ నీళ్లు నిలుస్తున్నాయి, నిలుస్తున్నాయి అంటూ తిరిగాను. నిలుస్తాయనడానికి రుజువు నా చేతిలోనే ఉన్నా ఇంతకాలం కొలవనందుకు చాలా బాధ కలిగింది. ఆ అమ్మాయి అంకెలన్నీ ఫోనులో రాసుకుంది. "దీన్ని బాక్స్ కల్వర్టుగా మార్చాలని రాస్తాను టీచర్. మంజూరు నా చేతిలో లేదు, కానీ రాయడం నా పనే" అంది. ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని ఈమధ్య చూడలేదు.

ఇద్దరం చెమటతో తడిసి గట్టు ఎక్కుతుంటే ఇస్త్రీ బండి తాతగారు పిలిచారు. ఎనభై దాటిన మనిషి. ఆయన తండ్రి ఈ గెడ్డలోనే బట్టలు ఉతికేవారట. అప్పట్లో నీళ్ల అడుగున ఇసుక కనిపించేదట. "టీచరమ్మా, మీరు కొలిచింది గొట్టాన్ని. అసలు గెడ్డ అక్కడ లేదు" అన్నారు. ఏమిటి తాతగారూ అంటే, బండి వదిలి వచ్చి చేత్తో చూపించారు. గెడ్డ ఒకప్పుడు అపార్ట్‌మెంట్ ప్రహరీ దగ్గర ఎడమకు వంపు తిరిగేదట, ఆ వంపులో వెడల్పు రెండింతలు ఉండేదట, వరద వస్తే నీరు అక్కడ కాసేపు ఆగి, మెల్లగా దిగేదట. వంపు పూడ్చేశారు. ప్రహరీ పునాది దగ్గర గడ్డి పక్కకు తీస్తే బట్టలు ఉతికే బండ ఒకటి నిజంగానే సగం తేలి కనిపించింది, మధ్యలో అరిగి పల్లంగా. ఆ పల్లంలో చెయ్యి పెట్టాను. ఎన్ని ఏళ్లు, ఎన్ని బట్టలు బాదితే రాయి అంత నునుపు దేలుతుంది!

ఈయన చెప్పినది ఏ పటంలోనైనా ఉంటుందా? అడగవలసినవారు ఈయనను ఎప్పుడైనా అడిగారా? మన నగరం 1979లో కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాక మునిసిపాలిటీనీ 32 గ్రామాలనూ కలుపుకుని గ్రేటర్ అయింది. 2007 ఎన్నికల్లో 72 వార్డులు, 2021లో 98. ఈ రెండింటి మధ్య, 2012 నుంచి 2021 దాకా, ఎన్నికైన పాలకవర్గమే లేదు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12 కూడా ఆ తొమ్మిదేళ్లలోనే. ఆ ఆదివారం గాలికి కొండవైపు చెట్లన్నీ కూలి గెడ్డలో పడ్డాయి. నీళ్లు ఆగి మా గేటు స్తంభం సగం దాకా వచ్చాయి. మావారు మేకుతో గీసిన గీత ఇంకా ఉంది. అధికారులు నిద్రాహారాలు మాని పనిచేశారు, కాదనను. కానీ మా వీధి తరఫున ఓటు అడిగిన మనిషి, రేపు మళ్లీ అడగవలసిన మనిషి ఒకరుంటే, ఫలానా మదుం దగ్గర చెట్టు అడ్డం పడింది అని పరుగెత్తి చెప్పడానికి ఒక గుమ్మం ఉండేది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. అలాంటి కమిటీలో ఇస్త్రీ బండి తాతగారికి ఒక కుర్చీ వేయాలని నా కోరిక.

మధ్యాహ్నం అన్నం తిని కాసేపు పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

సాయంత్రం ఆరున్నరకు అపార్ట్‌మెంట్ సెల్లారులో వీధి వాళ్లందరి సమావేశం. గెడ్డ మీద మా వీధి పొడవునా శ్లాబు వేయించాలని, అలా వేస్తే వాసన పోతుంది, పైన కార్లు పెట్టుకోవచ్చు, పొద్దున్నే నడవవచ్చు అని కొందరు ప్రతిపాదన తయారు చేశారు. కార్పొరేటర్ గారు కూడా పనుల జాబితాలో పెట్టిద్దామన్నారట. ముప్పై మంది దాకా వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు స్కూటర్ల మీద కూర్చున్నారు.

నేను లేచి పొద్దున కొలిచిన అంకెలు చెప్పాను. మూసిన గెడ్డలో పూడిక తీయలేరు. తీయలేకపోతే ఆ గొట్టాలకు పట్టిన గతే గెడ్డ మొత్తానికీ పడుతుంది. వాసన కనబడకుండా పోతుందే తప్ప మురుగు పోదు. దోమల మాటకు వస్తే, డెంగీ దోమ పెరిగేది మంచినీటి నిల్వలో, మన పూలకుండీల కింది పళ్లెంలో, కూలర్లో. మురుగులో పెరిగే దోమ వేరు, దానికి శ్లాబు కింది చీకటి ఇంకా హాయి. నీళ్లకు దారి వెడల్పు చేయించుకుందాం, గట్టు గోడలు ఎత్తు చేయించుకుందాం, పూడిక తీసిన రెండో రోజే ఎత్తాలని రాయించుకుందాం, అంతేగాని మూయించవద్దు అన్నాను. గొంతు కాస్త పెరిగిందేమో కూడా. ఈ విషయంలో నేను తగ్గి మాట్లాడలేను.

రెండో అంతస్తులో ఉండే అమ్మాయి లేచింది. చంకలో మూడేళ్ల బాబు. "టీచర్ గారూ, మీరు చెప్పిన లెక్క నాకు అర్థమైంది. కానీ పోయిన వారం వీడు బంతి కోసం గట్టు చివరి దాకా వెళ్లాడు. నేను చూడకపోతే ఏమయ్యేది?" అంది. సెల్లారంతా నిశ్శబ్దమైపోయింది. కుప్పలో చూసిన ఆ చిన్న చెప్పు గుర్తొచ్చింది నాకు. ఆమె మాటకు లెక్కలో జవాబు లేదు. శ్లాబు కావాలన్నవారందరూ కార్ల కోసం అడుగుతున్నారనుకున్నాను, ఆమె అడిగింది అందుకు కాదు. ఇది నేను ముందే ఆలోచించి ఉండవలసింది.

చాలాసేపు మాటలు సాగాయి. గట్టు పొడవునా నడుమెత్తు ఇనుప కంచె, పిల్లలు ఆడుకునే మలుపు దగ్గర మాత్రం పైన ఇనుప జాలీ, దాన్ని పూడిక తీసేటప్పుడు ఎత్తేలా ముక్కలు ముక్కలుగా పెట్టాలి అని ఎవరో అన్నారు. కార్లు పెట్టుకోవాలన్నవారు ఒప్పుకోలేదు. ఒకాయన కోపంగా, రాసుకున్న ప్రతిపాదన మార్చడం ఏమిటి, ఒకసారి ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి కదా అన్నారు.

అప్పటిదాకా మూల నిలబడి ఉన్న తాతగారు మాట్లాడారు. ఆయనను ఎవరూ పిలవలేదు, బండి కట్టేసి తానే వచ్చారు. "బురుజుపేట అమ్మవారిని రోడ్డు వెడల్పు కోసం వెనకటికి మునిసిపాలిటీ వాళ్లు పక్కకు జరిపారట. ఆ తర్వాత ఊళ్లో ప్లేగు వచ్చిందని, జనం వెళ్లి మొర పెట్టుకుంటే మళ్లీ తెచ్చి పాత చోటే పెట్టారని మా నాయనమ్మ చెప్పేది. జరిపిన తల్లినే తిరిగి తెచ్చారు, కాగితం మీది మాట మార్చకూడదా బాబూ?" అన్నారు. ఊపిరి తీసుకుని మళ్లీ, "కనకమహాలక్ష్మి తల్లి గుడికే పైకప్పు లేదు. ఎండా వానా ఆమె మీదే పడతాయి. నీళ్లకెందుకు పైకప్పు?" అన్నారు.

ఆ గుడికి మార్గశిర గురువారాల్లో నేను ఎన్నిసార్లు వెళ్లానో. ఆకాశం కింద కూర్చున్న ఆ తల్లికి నా చేతులతో పసుపు రాసి నీళ్లు పోశాను. ఈ గెడ్డను, ఆ గుడిని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎన్నడూ తోచలేదు.

ఏకాభిప్రాయం ఏమీ కుదరలేదు. శ్లాబు కావాలన్న ఏడెనిమిది మంది తమ అర్జీ తాము ఇస్తామని వెళ్లిపోయారు. అది వారి హక్కు. మిగిలినవారం కొత్త వినతిపత్రం రాసుకున్నాం. బాబు తల్లి మొదటి సంతకం చేసింది. కంచె గురించిన వాక్యాన్ని ఆమె చేతే రాయించాను. తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడొకడు స్కేలు తెచ్చి పటం గీశాడు. ఎగువ మదుం, దిగువ గొట్టాలు, రెండింటి కొలతలు, ప్రహరీ దగ్గర చుక్కల గీతతో పాత వంపు, బట్టలు ఉతికే బండ ఉన్నచోట ఒక గుర్తు.

రాత్రి పదిన్నర అయింది. సాఫు ప్రతి రాయడం ఇప్పుడే పూర్తయింది. సముద్రం వైపు ఒకటి రెండుసార్లు మెరిసింది గాని చినుకు పడలేదు. పూడిక కుప్ప ఇంకా గట్టునే ఉంది, రేపు ఎత్తిస్తానని సెక్రటరీ అమ్మాయి ఫోను చేసింది. ఇరవై రెండు సంతకాలయ్యాయి. పటం పక్కన, పాత వంపు చూపించినవారు అని రాసి, కింద ఒక వరుస ఖాళీగా ఉంచాను. సంతకం సంగతి గుర్తొచ్చేసరికే తాతగారు ఇంటికి వెళ్లిపోయారు. పొద్దున ఆరింటికి ఆయన బొగ్గులు రాజేస్తారు. ఆ వేళకి కాగితం, కలం తీసుకుని వెళ్లాలి.